రేకు ఎక్కడ తెగాలి? పూల క్లోజప్‌లో ఫ్రేమ్, క్రాప్

ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడుతున్నాయంటే బెంగళూరు తెలుగిళ్ల వాట్సాప్ గ్రూపుల నిండా లాల్‌బాగ్ తోటలో జరిగే ప్రదర్శన పూలే. ప్రదర్శన చూసొచ్చినవాళ్లు నెల్లూరులో ఉన్న అత్తయ్యకు, కర్నూలులో ఉన్న పెదనాన్నకు వరసపెట్టి ఫొటోలు పంపుతారు. వాటిలో చాలావాటిది ఒకటే తీరు. నట్టనడుమ పువ్వు, వెనక తాడు కట్టిన కర్ర, ఆ వెనక ఎవరిదో గళ్ల చొక్కా. పంపే ముందు కొందరు క్రాప్ చేస్తారు. చొక్కా పోతుంది, కర్ర పోతుంది. పువ్వు మాత్రం ఇరుకు గదిలో పెట్టిన పెద్ద బీరువాలా నాలుగు గోడలకూ తగులుతూ మిగులుతుంది. అక్కడ నిలబడి చూసినప్పుడు ‘అబ్బ’ అనిపించిన పువ్వు ఇదేనా అన్న అనుమానం పంపినవాళ్లకే వస్తుంది.

తప్పు ఫోన్‌ది అనుకోవడం తేలిక. అసలు సంగతి వేరు. కంటితో చూసేటప్పుడు మనసు పువ్వును మాత్రమే ఏరుకుంటుంది. తాడు, చొక్కా కళ్లెదుటే ఉన్నా లెక్కలోకి రావు. కెమెరాకు ఆ ఏరివేత చేతకాదు, ముందున్నదంతా పట్టేస్తుంది. మనసు చేసిన పనిని ఫొటోలో మళ్లీ చేయాల్సింది తీసేవాళ్లే. అందులో సగం నిలబడే చోటును బట్టి జరుగుతుంది, సగం క్రాప్‌తో జరుగుతుంది. అందరూ రెండో సగం మీదే భారం వేసి మొదటిదాన్ని వదిలేస్తున్నారు. క్రాప్ అంచుల్ని మారుస్తుంది, అంతే. పువ్వు ఏ కోణంలో కనబడింది, ఫోకస్ ఏ కేసరం మీద పడింది, వెనక ఏముంది అన్నవి క్రాప్‌కు అందవు. కాబట్టి ఎక్కడ కత్తిరించాలన్నది బటన్ నొక్కక ముందే తేల్చుకోవాలి. అది తేలాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి: ఈ ఫొటో పువ్వు గురించా, పువ్వులోని ఒక భాగం గురించా?

పువ్వు ముందే చెబుతుంది

ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది మూడో వంతుల సూత్రం. ఫ్రేమ్‌ను నిలువుగా మూడు, అడ్డంగా మూడు భాగాలు చేసి, గీతలు కలిసే చోట ముఖ్యమైనదాన్ని ఉంచమంటుంది. ఫోన్‌లో గ్రిడ్ ఆన్ చేస్తే ఆ గీతలే కనిపిస్తాయి. కొండలు, చెరువులు, మనుషులు ఉన్న ఫొటోకు అది బాగా పనికొస్తుంది. పూల క్లోజప్‌కు దాన్నే గుడ్డిగా వాడితే నష్టమే ఎక్కువ. పువ్వుకు తనదైన అమరిక పుట్టుకతోనే వచ్చింది. ఫ్రేమ్ ఆ అమరికకు లోబడాలి తప్ప పువ్వు ఫ్రేమ్‌కు లోబడదు.

బంతి, చామంతి, జెర్బెరా, పొద్దుతిరుగుడు చక్రం లాంటివి. వృక్షశాస్త్రం ప్రకారం బంతిపువ్వు ఒక పువ్వు కూడా కాదు, ఒకే దిమ్మె మీద కిక్కిరిసి కూర్చున్న చిన్న చిన్న పూల గుత్తి. పొద్దుతిరుగుడు నడిబొడ్డును దగ్గరగా చూస్తే ఆ చిన్నపూలు రెండు దిక్కులకూ తిరిగే సుడులుగా కనిపిస్తాయి. ఒక దిక్కు సుడులు 34, రెండో దిక్కువి 55 ఉండటం మామూలు. ప్రతి కొత్త మొగ్గ తన ముందు పుట్టినదానికి దాదాపు 137.5 డిగ్రీల ఎడంగా పుట్టడం వల్ల ఏర్పడే సుడులివి. నడుమ నుంచి ఇంత లెక్కగా బయటికి పరుచుకున్నదాన్ని గీతలు కలిసే చోటికి కాస్త జరిపితే సుడి కుదుపుకు గురైనట్టుంటుంది, బదులుగా దక్కేదేమీ ఉండదు. ఇలాంటి పువ్వుకు చతురస్రం, అందులో నట్టనడుమ స్థానం మేలు. కెమెరా కూడా పువ్వుకు సూటిగా ఎదురుగా ఉండాలి. వేలెడు పక్కకు జరిగినా చక్రం కోడిగుడ్డులా సాగిపోతుంది. కావాలని అలా తీశారా, చెయ్యి జరిగిందా అన్నది చూసేవాళ్లకు తేలదు.

చక్రం లాంటి పువ్వుకు ఇంకో దారి కూడా ఉంది. నడిబొడ్డును ఫ్రేమ్‌లో ఒక మూలకే పూర్తిగా నెట్టి, పావు పువ్వును మాత్రం చూపడం. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలు, కుండంతా కలియబెట్టనక్కర్లేదు. చామంతిలో ప్రతి భాగమూ మిగతా భాగంలాగే ఉంటుంది కాబట్టి పావు చూపిస్తే మిగతా ముప్పావు చూసేవాళ్ల మనసు పూరించుకుంటుంది. కుదరనిది ఆ రెండింటికీ మధ్యలో, కాస్త పక్కకు జరిపి వదిలేయడం.

ఆర్కిడ్, శంఖుపువ్వు, నాగలింగం వేరే జాతి మనుషుల్లాంటివి. వీటికి పైనా కిందా ఉన్నాయి, ముందూ వెనకా ఉన్నాయి. పావు చూపిస్తే మిగతాది ఊహకు అందదు. లాల్‌బాగ్‌లో, కబ్బన్ పార్కులో కనిపించే నాగలింగం చెట్టు దగ్గర ఇది బాగా తెలుస్తుంది. పువ్వులు కొమ్మల చివర పూయవు, మానునే అంటిపెట్టుకుని వేలాడే కాడల మీద పూస్తాయి. ఆరు దళసరి రేకులు. నడుమ కేసరాలు కిక్కిరిసిన ఒక బిళ్ల. ఆ బిళ్లకు ఒక పక్క నుంచి దళసరి పట్టీ ఒకటి లేచి, వంగి, బిళ్ల మీదికి గొడుగు పడుతుంది. లింగం మీద పడగ అని భక్తులు చూసేది దాన్నే. ఇప్పుడు కెమెరాను సూటిగా ఎదురుగా పెడితే పడగ కప్పేయడంతో లింగం కనబడదు. ఫొటోలో ఒక ఎర్రటి ముద్ద మిగులుతుంది. అడుగు పక్కకు జరిగి, కాస్త మోకాళ్లు వంచి, పక్క నుంచి చూస్తే పడగకూ బిళ్లకూ నడుమ వేలు దూరేంత సందు కనిపిస్తుంది. ఆ పువ్వు కథంతా ఆ సందులోనే ఉంది. రేకుల కొసలు ఎన్ని తెగినా ఫర్వాలేదు, ఆ సందు మాత్రం స్పష్టంగా ఉండాలి. దాని వెనక నల్లటి నీడ పడేలా నిలబడితే ఇంకా మంచిది. పడగ నోరు ఏ వైపు తెరుచుకుని ఉందో ఆ వైపు ఫ్రేమ్‌లో కాస్త ఖాళీ వదలాలి. మనిషి పక్కకు చూస్తున్న ఫొటోలో చూపు వెళ్లే వైపు చోటు వదులుతారు, అది కూడా అలాంటిదే. మూడో వంతుల సూత్రం ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే ఈ పువ్వుకు చూపు ఉంది.

ఒక మిల్లీమీటరు

బాల్కనీ కుండీలో పూసే ఎర్రమందారాన్ని తీసుకుందాం. పూజకు కోసేలోపు చాలామంది ఫొటో తీసేది దాన్నే. అందులో ఉన్న చిక్కు కూడా గట్టిదే. ఐదు రేకుల నడుమ నుంచి కేసరాల కాడ బయటికి పొడుచుకొస్తుంది. దాని పై సగం చుట్టూ పసుపు పుప్పొడి, కొసన ఐదు చిన్న ముఖమల్ బొట్లు. కొసకూ రేకుల గొంతుకూ మధ్య దూరం సెంటీమీటర్లలో ఉంటుంది. క్లోజప్‌లో కెమెరా స్పష్టంగా చూపగలిగే లోతు మిల్లీమీటర్లలో ఉంటుంది.

లెక్క చూద్దాం. పువ్వులోని 1 సెంటీమీటరు సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద కూడా 1 సెంటీమీటరుగా పడితే దాన్ని 1:1 అంటారు, మాక్రో లెన్స్ చేసే పని అది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు) అపెర్చర్‌ను, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దగ్గర ఉంచి అంత పెద్దగా తీస్తే ఫోకస్ నిలిచే లోతు దాదాపు 1 మిల్లీమీటరు. అందులో సగం పరిమాణానికి, అంటే 1:2కు దిగితే దాదాపు 3 మిల్లీమీటర్లు. అపెర్చర్‌ను ఎఫ్/22కు మూసేస్తే లోతు పెరుగుతుంది కానీ 1:1 దగ్గర ఆ అపెర్చర్ నిజానికి ఎఫ్/44లా పనిచేస్తుంది. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు అంచుల దగ్గర వంగి (దీన్నే వివర్తనం అంటారు) చెదిరి, ఫొటో మొత్తం మెత్తబడుతుంది. లోతు కోసం పదును పోగొట్టుకున్నట్టవుతుంది.

అందుకే మందారాన్ని ఎదురుగా తీయాలా, పక్క నుంచి తీయాలా అన్నది అభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఎదురుగా తీస్తే ఆ ఐదు బొట్లు మాత్రమే పదునుగా వస్తాయి, వెనక రేకులు ఎర్రటి పొగలా కరిగిపోతాయి. అది పువ్వులో ఒక భాగం గురించిన ఫొటో. అక్కడ రేకుల్ని పూర్తిగా చూపాలని తాపత్రయపడటం అనవసరం. కరిగిపోయిన రేకుల అంచుల్ని చూపి లాభం లేదు, నాలుగు వైపులా ధైర్యంగా కోసి, ఎరుపు నిండిన చతురస్రంలో ఆ బొట్లను ఉంచితే సరిపోతుంది. పక్క నుంచి తీస్తే కాడ మొత్తం సెన్సర్‌కు సమాంతరంగా వస్తుంది. మొదలు నుంచి కొస దాకా ఒకే లోతులో ఉంటుంది కాబట్టి అంతా పదునుగా పడుతుంది. ఆ ఫొటోకు అడ్డంగా ఉండే 3:2 ఫ్రేమ్ నప్పుతుంది. కాడ చూపే వైపు ఖాళీ వదిలి, వెనక రేకుల్లో సగం కోసేయొచ్చు. పువ్వు ఒకటే, నిలబడ్డ చోటు మారేసరికి క్రాప్ మొత్తం మారిపోయింది.

ఫోకస్ తప్పిన ఫొటోను క్రాప్ కాపాడలేదు, పైగా బయటపెడుతుంది. ఫోన్ తెర మీద చిన్నగా చూసినప్పుడు బాగానే ఉన్న మసక, క్రాప్‌తో పాటు తానూ పెద్దదవుతుంది. గాలి సంగతి కూడా ఇంతే. 1:1 దగ్గర పువ్వు 1 మిల్లీమీటరు ఊగితే సెన్సర్ మీద బొమ్మ కూడా 1 మిల్లీమీటరు జరుగుతుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పులో 6000 పిక్సెళ్లున్న కెమెరాలో అది 160 పిక్సెళ్లకు పైమాటే. అపార్ట్‌మెంట్ పదో అంతస్తు బాల్కనీలో గాలి ఆగే క్షణం కోసం కాచుకోవడం, లేదా ఒక మనిషిని గొడుగు అడ్డం పట్టమనడం, ఏ లెన్స్ కన్నా ఎక్కువ మేలు చేస్తాయి. తీసిన వెంటనే అక్కడికక్కడే ఫొటోను పెద్దది చేసి కొసన బొట్లు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మందారం చాలా రకాల్లో ఒక్కరోజు పువ్వు, మర్నాడు పొద్దునకు ముడుచుకుని ఉంటుంది.

రెంటికీ చెడ్డ రేవడి

క్రాప్‌లో అన్నిటికంటే పెద్ద తప్పు రేకు కొస ఫ్రేమ్ అంచును ముట్టుకోవడం. రేకు పూర్తిగా లోపల ఉంటే చుట్టూ గాలి ఆడుతుంది. పూర్తిగా బయటికి పోతే పువ్వు ఫ్రేమ్ కన్నా పెద్దదన్న భావం కలుగుతుంది. కొస మాత్రం తగులుతూ ఆగితే కన్ను పువ్వును వదిలేసి పదే పదే ఆ తగిలే చోటికే పోతుంది. వెంట్రుకవాసి తెగినా అంతే, రెంటికీ చెడ్డ రేవడే. చూసేవాళ్లకు అది నిర్ణయంలా కనిపించదు, పొరపాటులా కనిపిస్తుంది. కోయదలచుకుంటే రేకు పొడవులో నాలుగో వంతుకు తగ్గకుండా కోయాలి. ఉంచదలచుకుంటే చుట్టూ కనీసం ఒక రేకు వెడల్పంత చోటు వదలాలి. ఈ కొలతలు శాసనాలేమీ కావు, కానీ వీటితో మొదలుపెట్టినవాళ్ల ఫొటోల్లో తేడా మొదటి రోజే కనబడుతుంది.

ఎక్కడ కోసినా రెండు రేకులు విడిపోయే సందు దగ్గర జాగ్రత్త కావాలి. రేకుల్ని కోసేసరికి వాటి మధ్య ఉన్న వెనక భాగం ఫ్రేమ్ అంచుల వెంట చిన్న చిన్న త్రికోణాలుగా మిగులుతుంది. ముదురు ఆకుపచ్చలో ఉన్న త్రికోణాలు కంటికి అడ్డురావు. వాటిలో ఒకటి తెల్లటి ఆకాశమైనా, పక్క కుండీ నీలం ప్లాస్టిక్ అయినా పువ్వు కంటే ముందు అదే కనబడుతుంది. క్రాప్ గీతను కొద్దిగా లోపలికి జరిపి ఆ త్రికోణాన్ని మింగేయాలి. కుదరకపోతే పక్క రేకును కాస్త ఎక్కువ కోసైనా సరే తీసేయాలి. క్రాప్ పూర్తయ్యాక పువ్వు వైపు చూడకుండా అంచుల వెంట మాత్రమే చూపును ఒక చుట్టు తిప్పడం మంచి అలవాటు. నాలుగు మూలల్లో మెరిసేదేదైనా ఉంటే అప్పుడు దొరుకుతుంది.

ఇలా కోయడాన్ని ఒక కళగా నిలబెట్టిన ఫొటో ఒకటుంది. అమెరికా ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కనింగ్‌హామ్ 1925లో తీసిన మాగ్నోలియా. ముగ్గురు పిల్లల్ని పెంచుతూ ఇంటిపట్టునే ఉండిపోయిన ఆ సంవత్సరాల్లో ఆమె పెరటి మొక్కల్నే వస్తువుగా తీసుకుంది. ఆ ఫొటోలో తెల్లటి రేకులు ఫ్రేమ్ దాటి పోతాయి, నడుమ ఉన్న కేసరాల శంకువు ఒక గోపురంలా నిలబడుతుంది. చుట్టూ ఆకు లేదు, కొమ్మ లేదు, చెట్టు ఏదన్న ఆనవాలు లేదు. రేకులు దేనికోసం విచ్చుకున్నాయో అది మాత్రమే ఉంది. నలుపు తెలుపుల్లో తీసిన ఆ పువ్వు ముందు నేటి రంగుల ఫొటోలు వెలవెలబోతున్నాయంటే కారణం ఏది తీసేయాలో ఆమెకు తెలియడమే. కోసిన ప్రతి అంచుకూ అక్కడ కారణం కనబడుతుంది.

పిక్సెళ్ల ఖర్చు

క్రాప్ ఉచితం కాదు. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000×4000 పిక్సెళ్లు. వెడల్పులో సగం, ఎత్తులో సగం ఉంచుకుంటే 3000×2000, అంటే 6 మెగాపిక్సెళ్లు. చూడటానికి సగమే కోసినట్టుంటుంది, పోయింది ముప్పావు. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో దాదాపు 4000×3000. దాన్నీ అలాగే కోస్తే 3 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. 50 మెగాపిక్సెల్ అని డబ్బా మీద రాసున్న ఫోన్లు కూడా మామూలు మోడ్‌లో నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 చుట్టుపక్కలే ఇస్తాయి. ఫోన్ తెర మీద చూసుకోవడానికి ఇది చాలు. గోడకు తగిలించే 8×10 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 2400×3000 పిక్సెళ్లు కావాలి. కోసిన ఫోన్ ఫొటో అందులో సగానికి కూడా చేరదు.

నిష్పత్తి విషయంలో తెలియకుండా జరిగే నష్టం ఇంకొకటి. ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువు 4:5 ఫ్రేమ్ పువ్వుకు, కాడకు బాగా సరిపోతుంది. కెమెరాను అడ్డంగా పట్టుకుని తీసి, తర్వాత 4:5కు కోస్తే 6000×4000లో మిగిలేది 3200×4000. దాదాపు సగం చెత్తబుట్ట పాలు. అదే కెమెరాను నిలువుగా పట్టుకుని తీస్తే 4000×5000 మిగులుతుంది, పోయేది ఆరో వంతే. మణికట్టును ఒకసారి తిప్పితే ఏడు మెగాపిక్సెళ్లకు పైగా ఆదా అవుతుంది.

అలాగని ఫ్రేమ్‌ను పువ్వుతో బిగించేసి తీయడం కూడా మంచిది కాదు. తీసేటప్పుడు చుట్టూ పదో వంతు వదులుగా ఉంచుకుంటే తర్వాత చిన్నగా తిప్పుకోవడానికి, అంచుల్ని సర్దుకోవడానికి వీలుంటుంది. ‘శుభోదయం’ అని రాసి బంధువులకు పంపే ఫొటోలైతే పైనో కిందో నాలుగో వంతు ఖాళీ వదిలి తీయాలి. ఆ అక్షరాలు పువ్వు ముఖం మీదికెక్కితే పాపం ఆ పువ్వుకు, చదివే పెద్దవాళ్లకు ఇద్దరికీ ఇబ్బందే.

ఫోన్‌తో తీసేవాళ్లకు జూమ్, మాక్రో, పోర్ట్రెయిట్ మోడ్ల గురించి ఒక్కమాట. చాలా ఫోన్లలో మాక్రో అంటే ఎక్కువ వెడల్పును పట్టే అల్ట్రావైడ్ కెమెరానే. అది పువ్వుకు రెండు మూడు సెంటీమీటర్ల దాకా వెళ్లగలదు, కానీ ముందున్న రేకును ఉబ్బించి వెనకదాన్ని కుంచిస్తుంది, వెనక ఉన్న చెత్తనంతా ఫ్రేమ్‌లోకి లాగుతుంది. విడిగా టెలిఫొటో (దూరాన్ని దగ్గర చేసే) లెన్స్ ఉన్న ఫోనైతే రెండడుగులు వెనక్కి వచ్చి దాంతో తీయడం మేలు. రేకుల కొలతలు సహజంగా ఉంటాయి, వెనక కనిపించే మేర కూడా తగ్గుతుంది. ఆ లెన్స్ లేకుండా వేళ్లతో చేసే జూమ్ మాత్రం ముందుగానే చేసే క్రాప్, అంతకు మించి ఏమీ కాదు. పోర్ట్రెయిట్ మోడ్ వెనక భాగాన్ని లెక్కలు కట్టి మసక చేస్తుంది. ఆ లెక్కలకు మనిషి భుజం అర్థమైనంత బాగా కేసరం అర్థం కాదు. సన్నటి కేసరాల మధ్య సందుల్లో, రేకు అంచుల్లో తినేసినట్టు కనిపిస్తుంది.

మార్కెట్టులో అంచులు లేని పూలు

ఒక్క పువ్వు కాకుండా పూల రాశి తీయాలంటే కె.ఆర్. మార్కెట్టుకు మించిన చోటు లేదు. తెల్లవారక ముందే బస్తాలు దిగుతాయి. చామంతి, బంతి, మల్లె, కనకాంబరం, బటన్ గులాబీలు గుట్టలుగా పోస్తారు. ఇక్కడ సూత్రం తిరగబడుతుంది. ఒక్క పువ్వుకు అంచు ఎక్కడన్నది ప్రశ్న అయితే, రాశికి అంచే కనబడకూడదు. చుట్టిన కనకాంబరం దండల గుట్టను తీసేటప్పుడు గుట్ట చివర, గోనెపట్టా, నేల ఫ్రేమ్‌లోకి వస్తే ‘ఇంత రాశి’ అని కొలత తెలిసిపోతుంది. నాలుగు వైపులా దండలు ఫ్రేమ్ దాటిపోయేలా కోస్తే అది ఎంత దూరం ఉందో తెలియదు, ఎంతో ఉందనిపిస్తుంది. దండల వరసలు అంచుకు సమాంతరంగా కాకుండా ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా సాగితే కన్ను ఆగకుండా నడుస్తుంది. అంత నారింజ రంగులో ఎక్కడో ఒకచోట మరువం రెమ్మ ఆకుపచ్చగా చిక్కుకుని ఉంటే దాన్ని వదులుకోకూడదు. అది ఉన్నచోటును బట్టే క్రాప్ గీతలు గీసుకోవాలి.

అక్కడ వెలుతురు రెండు రకాలు. దుకాణం బల్బుల పసుపు, పైనుంచి దిగే తెల్లవారుజాము నీలం. తెల్లటి మల్లెల రాశి మీద ఈ రెండూ పడితే ఒక పక్క వెన్నలా, ఇంకో పక్క బూడిదలా కనిపిస్తుంది. రంగు సర్దడం కంటే రెండు వెలుగుల్లో ఒకటే ఉన్న మేరను ఎంచుకుని మిగతాది కోసేయడం తేలిక. అమ్మేవాళ్లకు అది బేరాల వేళ. ముందు రెండు మూరలు కొని, అడిగి, ఆ తర్వాత ఫోన్ తీస్తే బాగుంటుంది. బెంగళూరు పూల అంగళ్లలో తెలుగులో అడిగినా చాలాసార్లు తెలుగులోనే జవాబు వస్తుంది.

రంగు, నీడ, నీటి చుక్క

సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు బెంగళూరు. ఆగస్టు ప్రదర్శన నాటికి తరచూ మబ్బు పట్టి ఉంటుంది. పిక్నిక్‌కు అది చిరాకేమో కానీ పూల క్లోజప్‌కు అంతకు మించిన దీపం లేదు. నీడలు మెత్తగా పడి రేకుల ఈనెలు కూడా కనిపిస్తాయి. జనవరి ఎండ చురుకైనది. ఎండ వేళ లాల్‌బాగ్‌లో 1889లో పునాది పడిన గాజుమేడ కప్పు కిందికి వెళ్తే వెలుగు మెత్తబడుతుంది. బయట మడుల దగ్గరైతే తెల్ల పంచె ఒకటి అడ్డం పట్టించినా చాలు.

ఎర్రమందారం, ఎర్రగులాబీ ఫొటోల్లో రేకులు ఈనెలు లేని ప్లాస్టిక్ ముక్కల్లా కనిపించడానికి కారణం ఎరుపు ఒక్కటే హద్దు దాటి నిండిపోవడం. మొత్తం వెలుగు సరిగ్గానే ఉన్నట్టు కెమెరా చెబుతుంది, కెమెరా విడివిడిగా నమోదు చేసే రంగుల్లో ఎరుపు చానెల్ మాత్రం అప్పటికే నిండి వివరం పోతుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒక స్టాప్‌లో (వెలుగు సగానికి తగ్గే మెట్టు) మూడింట రెండు వంతులు తగ్గించి తీయాలి. మల్లెకు, నందివర్ధనానికి దీనికి తిరగేసి. ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుకు లాగుతుంది, కాబట్టి కాస్త పెంచాలి. క్రాప్ బిగుతుగా ఉండే ఫొటోల్లో ఈ రెండు తప్పులూ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే ఫ్రేమ్‌లో రంగు అదొక్కటే.

క్రాప్ చేసేటప్పుడు ఫొటోను తిప్పే వీలు కూడా ఉంటుంది. సముద్రం ఫొటోలో అయితే గీత ఒరిగితే తెలిసిపోతుంది. పువ్వుకు అలాంటి గీత లేదు కాబట్టి ఎటైనా తిప్పొచ్చనిపిస్తుంది. కాడ కింది అంచు మధ్య నుంచి లేవడం కంటే కింది మూల నుంచి వస్తే బాగుంటుంది, అందుకోసం పది పదిహేను డిగ్రీలు తిప్పినా తప్పు లేదు. అంతకు మించితే రెండు సాక్ష్యాలు పట్టిస్తాయి. ఒకటి వెలుగు. పైనుంచి పడ్డ ఎండ తిప్పాక కింది నుంచి వచ్చినట్టయితే రేకు గుంటలు బుడిపెల్లా కనిపిస్తాయి. రెండోది మంచు చుక్క. డిసెంబరు, జనవరి పొద్దుల్లో గులాబీ రేకు కొసన వేలాడే చుక్క ఎప్పుడూ నేలవైపే సాగి ఉంటుంది. ఫొటోను తిప్పితే ఆ చుక్క గాలిలో పక్కకు వేలాడుతుంది. ఎందుకో చెప్పలేకపోయినా ఏదో తేడా ఉందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. స్ప్రే కొట్టి తెచ్చిన చుక్కలు కూడా ఇలాగే దొరికిపోతాయి. అవి కొసన చేరవు, రేకంతా చిన్న చిన్న పూసల్లా ఒకే పరిమాణంలో అంటుకుని ఉంటాయి.

ఎంత తిప్పినా ఫర్వాలేని పువ్వు ఒకటుంది, నేల మీద రాలినది. ఒక చెట్టు పూత అయిపోయేసరికి మరో చెట్టు పూసేలా బెంగళూరు వీధి చెట్లను ఎంపిక చేసిన ఘనత జర్మన్ ఉద్యానవేత్త గుస్తావ్ హెర్మన్ క్రుంబీగెల్‌కు దక్కుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో గులాబీ టబెబుయా, ఆ వెంటే పసుపు టబెబుయా, జకరండా. కొమ్మ మీద ఉన్నంత సేపు వాటికి క్లోజప్ లేదు. ఎత్తున, తెల్లటి ఆకాశం ముందు, గుత్తులుగా ఉంటాయి. కింద ఫుట్‌పాత్ మీద పడ్డాక ఒక్కొక్కటీ చేతికందే బూరలా దొరుకుతుంది. నేలకు సమాంతరంగా ఫోన్ పట్టి సూటిగా పైనుంచి తీస్తే పువ్వు ఏ పక్కకు పడి ఉన్నా బాగానే ఉంటుంది. సర్దుకోవాల్సింది పలకల మధ్య గీతను. ఆ గీత ఫ్రేమ్ అంచుకు సమాంతరంగానైనా ఉండాలి, మూల నుంచి మూలకైనా పోవాలి. ఫోన్‌ను ఆ మేరకు తిప్పి, బూర నోటి ముందు కాస్త నేల వదిలి, 4:5కు కోస్తే పని అయిపోతుంది. పొద్దున్నే బయల్దేరాలి, ఊడ్చేవాళ్లు వచ్చేశారంటే పూలన్నీ ఒక కుప్పలోకి చేరిపోతాయి.